కఠిన ప్రాంతంలో కొత్త కాపురం

పీతలదీవికి వచ్చేవారు వెంట తెచ్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. రబ్బరు చెప్పులు తెచ్చుకోండి. తోలు చెప్పులకు వారం తిరిగేసరికి ఆకుపచ్చ బూజు పడుతుంది. అది చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని, కాళ్ళకు వేసుకోవడానికి బాగుండదు. పోపు సామాను మూత గట్టిగా పట్టే సీసాలలో తెచ్చుకోండి. అగ్గిపెట్టెలకు ప్లాస్టిక్ సంచి చుట్టండి. బట్టల క్లిప్పులు మరచిపోకండి. ఇక్కడి గాలికి నా పెళ్ళిచీర ఒకసారి కొబ్బరిచెట్టెక్కి కూర్చుంది. దింపడానికి సగం దీవి వచ్చింది.

తెచ్చుకోకూడనిది ఒక్కటే: సంతోషం. తేక తప్పకపోతే ఓడ దిగేటప్పుడు దాన్ని పెట్టె అడుగున, దుప్పట్ల కింద పెట్టండి. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

మాకు పెళ్ళయి అప్పటికింకా పసుపుబట్టల వాసన పోలేదు. మా ఆయన జోగినాథ్ వాతావరణ శాఖలో పరిశీలకుడు. అంటే ఆకాశం వైపు చూసినందుకు ప్రభుత్వం జీతమిచ్చే మనిషి. వాన కొలిచే గొట్టంలో నీళ్ళెన్ని పడ్డాయో చూసి, గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి, రేడియోలో పై ఆఫీసుకు చెబుతాడు. పెళ్ళిచూపుల్లో "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే, "వాన కొలుస్తానండీ" అన్నాడు. నేను చదివింది వృక్షశాస్త్రం. వానతో మాకు పాత బంధుత్వం. ఇంకో ప్రశ్న అడగలేదు.

ఓడ దీవి దాకా రాదు. దూరంగా ఆగిపోతుంది. జెట్టీ నుంచి డింగీ అనే చిన్న పడవ వచ్చి ఓడను ఆనుకుని నిలబడుతుంది. నిచ్చెన చివర నుంచి అందులోకి దూకాలి. అల డింగీని పైకెత్తినప్పుడు దూకండి, కిందికి దింపినప్పుడు దూకకండి. నేను రెండోది చేశాను. సూటిగా వెళ్ళి చేపలమ్మే గున్నమ్మ ఒళ్ళో పడ్డాను.

"ఓలమ్మో! ఒళ్ళోకొచ్చి పడిపోనావు, నానేటి నిన్ను కన్నానేటి?" అంది గున్నమ్మ.

నాకు నవ్వొచ్చింది. నా వెనకే దూకిన జోగికీ నవ్వొచ్చింది. జెట్టీ చేరేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. నీళ్ళ కింద పగడపు రాళ్ళు, వాటి మీద పసుపు చారల చేపలు, ఎదురుగా ఒడ్డంతా పచ్చగా. జెట్టీ మీద కాలు పెట్టగానే "అబ్బ, ఎంత బాగుందో!" అన్నాను.

జెట్టీ మీది మాటలన్నీ ఆగిపోయాయి. గొడుగు పట్టుకున్న ఒక పెద్దమనిషి ముందుకొచ్చి, నా వైపు, నా నవ్వు వైపు, విడివిడిగా చూశారు. ఆయన దీవి ప్రత్యేకాధికారి పరాంకుశం గారు.

"ఆ పదం ఇక్కడ వాడకూడదమ్మా," అన్నారు.

"ఏ పదమండీ?"

"బాగుంది."

మధ్యాహ్నం మమ్మల్ని ఆఫీసుకు పిలిపించారు. మంచి టీ ఇప్పించారు. ఆయన చెడ్డవాడు కాడు. నేను జోగిని ప్రేమించినట్టు ఆయన ఉత్తర్వులను ప్రేమించారు, అంతే.

"మీరు నవ్వారు," అన్నారు.

"అవునండీ."

"బహిరంగ ప్రదేశంలో. సాక్షుల సమక్షంలో." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, ప్రభుత్వం ఊళ్ళను సాధారణం, కఠినం, అతి కఠినం అని మూడు వర్గాలుగా విభజించింది. పీతలదీవి అతి కఠినం. ఆ హోదా సంపాదించడానికి మాకు ఇద్దరు అధికారుల ఆరోగ్యం ఖర్చయింది. అతి కఠినం కాబట్టే పక్షానికోసారి ఓడ వస్తోంది. ఓడ వస్తోంది కాబట్టే డాక్టరు వస్తున్నాడు. రేపు కాఠిన్య నిర్ధారణ సంఘం తనిఖీకి వచ్చి, ఇక్కడ మనుషులు హాయిగా ఉన్నారని తేల్చిందనుకోండి, హోదా పోతుంది. హోదాతో ఓడ, ఓడతో డాక్టరు."

గున్నమ్మ కోడలు కడుపుతో ఉందని డింగీలోనే విన్నాను. నా నవ్వు కొంచెం తగ్గింది.

"ఇక మీ విషయం," అని పరాంకుశం గారు ఒక నిబంధన చదివి వినిపించారు. "అతి కఠిన ప్రాంతమున ఉద్యోగి తన భార్యతో నివసించుటకు అనుమతి, సదరు భార్య సదరు ప్రాంతమున కష్టపడుచున్నంత వరకు మాత్రమే చెల్లును."

"కష్టపడకపోతే?" అన్నాడు జోగి.

"వచ్చిన ఓడలోనే తిరుగు ప్రయాణం. అమ్మాయి ఒక్కతే. మిమ్మల్ని పంపితే వాతావరణం ఎవరు చూస్తారు?"

"ఎన్నాళ్ళకు బదిలీ అవుతుందండీ ఇక్కడి నుంచి?"

"మీ ముందున్నాయన పదవీ విరమణ ఇక్కడే చేశారు."

జోగి నా చెయ్యి పట్టుకున్నాడు. పరాంకుశం గారు ఆ చేతుల వైపు చూసి, "ఇది కూడా," అన్నారు.

అలా నా కష్టాల సాధన మొదలైంది.

సంఘం వర్షాలయ్యాక వస్తుందని కబురు. ఈలోగా దీవి మొత్తాన్ని సంసిద్ధం చేయడానికి పరాంకుశం గారు కాఠిన్యాభివృద్ధి పథకం ప్రారంభించారు. రిబ్బను కత్తిరించవలసింది గాని, కత్తెర తుప్పు పట్టి తెగలేదు. అది శుభసూచకమని ఆయన సంతోషించి, వెంటనే తమాయించుకున్నారు.

మొదటి చర్య జెట్టీ దగ్గరి బెంచీ మీద. అది పడమటి వైపు తిరిగి ఉండేది. సాయంత్రం జనం దాని మీద కూర్చుని సూర్యాస్తమయం చూసేవారు. "పరిహారం లేని ఆహ్లాదం" అని నిర్ణయించి, దాన్ని గోదాము గోడకెదురుగా తిప్పించారు. జనం గోడకెదురుగా కూర్చుని, తెల్లటి గోడ మీద పడే ఎరుపు చూడసాగారు. మాకైతే ఇదే ఎక్కువ నచ్చింది, కళ్ళు చికిలించుకోనక్కర్లేదు. గోడకు తారు పూయించారు. తారు నలుపు మీద పురుగుల కోసం బల్లులు చేరాయి. ఏ బల్లి ఏ పురుగును పడుతుందో అని పందేలు మొదలయ్యాయి. చివరకు బెంచీని అరెస్టు చేసినట్టుగా మోసుకుపోయి స్టోరులో పెట్టి తాళం వేశారు.

తరువాత రోడ్డు. ఆ మధ్యనే పొరపాటున ఎవరో దాన్ని బాగుచేశారు. పరాంకుశం గారు నడిమధ్యన ప్రమాణాల ప్రకారం ఒక గుంత తవ్వించారు. వాన కురిసింది, గుంత నిండింది, తెల్లారేసరికి దీవిలోని పిల్లలూ బాతులూ అందులో ఉన్నారు. పక్కన బోర్డు పెట్టారు: "ఇందు ఈదరాదు. ఇది అసౌకర్యం."

ఫిర్యాదుల పెట్టె తెరిస్తే అందులో ఒక తొండ ఉంది, ఫిర్యాదు లేదు. ప్రతి ఇల్లూ వారానికొక ఫిర్యాదు విధిగా ఇవ్వాలని ఉత్తర్వు జారీ అయింది. గున్నమ్మ స్వయంగా వచ్చి నోటితోనే చెప్పింది.

"మా మొగుడు గుర్రెడతన్నాడండి. ఇల్లు కదిలిపోతంది."

"ఇది చెల్లదు. ద్వీపజన్యమైన కష్టం కావాలి."

"ఆడు దీవిలోనే పుట్నాడు బాబూ!"

పరాంకుశం గారు చాలాసేపు ఆలోచించి అంగీకరించారు.

నా ఫిర్యాదులు మాత్రం ఒకటీ నిలవలేదు. వానకు తలుపు కింద నుంచి నీళ్ళొస్తున్నాయని రాశాను. "వచ్చినప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగారు. కాగితం పడవలు వేస్తామని చెప్పాను. కొట్టేశారు. ఓడ రాని వారం కూరగాయలు దొరకవని రాశాను. "దొరకకపోతే?" అన్నారు. ఇంటి వెనక రాతి సందుల్లో మొలిచే ఆకులు కోసుకొచ్చి, ఇది తినేదా కాదా అని ఇద్దరం వాదించుకుని, నా చదువు మీద నమ్మకముంచి జోగి ముందుగా తింటాడని చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు.

"అమ్మా, మీలో ప్రతిభ లేదు. మీకు శిక్షణ అవసరం."

శిక్షకుడు మా పక్కింటి కూర్మారావు గారు. ఆయన స్టోర్ కీపరు. భార్య దాలమ్మను, పిల్లల చదువుల కోసం పలాసలో వదిలి, ఇక్కడ ఒంటరిగా ఉంటున్నారు. పిల్లలు పెద్దవాళ్ళై ఉద్యోగాలకు పోయినా, ఆవిడను తెచ్చుకుందామంటే కుటుంబ అనుమతి రాలేదు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ప్లైవుడ్ గోడ. ఆయన నిట్టూర్పు విడిస్తే మా ఇంట్లో దీపం ఊగేది. దీవిలో అంత సహజమైన నిట్టూర్పు ఇంకెవరికీ లేదు.

"సెల్లెమ్మా, ముందల బుజాలు కిందకి జార్సు," అనేవారు. "గాలి పీల్సినప్పుడు ఏటి తలుసుకుంటావో అదే ముక్యం. నాను మా యావిడ్ని తలుసుకుంటాను. నువ్వెవుల్ని తలుసుకుంటావు?"

"జోగిని."

"ఆడు ఎదరే ఉన్నాడు గదమ్మా! నవ్వొచ్చీదా మరి?"

వచ్చేది. అందుకే జోగిని తరగతికి రానివ్వలేదు. అతను కిటికీ దగ్గర నిలబడి, నాకు కనిపించేలా భుజాలు జారుస్తూ అభ్యాసం చేసేవాడు. నా శిక్షణ అక్కడితో మళ్ళీ మొదటికొచ్చేది.

అయినా పట్టుదలగా నేర్చుకున్నాను. ఇంటికి రాగానే నవ్వి, ఆ తరువాత గంటసేపు దిగులుగా కూర్చునేదాన్ని. జోగి ఎదురుగా కూర్చుని, "ఇంకొంచెం పెదవి దించు, ఆఁ, ఇప్పుడు బాగుంది, ఛ, బాగుంది అనకూడదు కదూ," అనేవాడు. ఒక్కోసారి మధ్యలో ఇద్దరం నిజంగానే మాట్లాడకుండా అయిపోయేవాళ్ళం. ఓడ ఎక్కించి పంపేస్తారన్న మాట అప్పుడు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చేది. అటువంటప్పుడు నా నిట్టూర్పు చాలా బాగా వచ్చేది.

వర్షాలయ్యాక సంఘం అధ్యక్షులు కోదండపాణి గారు ఓడ దిగారు. సంఘంలో మిగతా సభ్యులకు దీవి పేరు వినగానే జబ్బు చేసిందట. డింగీలో ఆయనకు వాంతులయ్యాయి. "ప్రారంభం అనుకూలంగా ఉంది," అని పరాంకుశం గారు నా చెవిలో అన్నారు. ఇంతలో ఎవరో జాలిపడి అధ్యక్షుల వారికి కొబ్బరిబోండం కొట్టిచ్చారు. తాగి, "ఆహా!" అన్నారు. బోండం ఇచ్చినవాడికి అక్కడికక్కడే సంజాయిషీ నోటీసు.

ఆ రోజు దీవి మొత్తం అద్భుతంగా బాధపడింది. బాతులను కట్టేశారు. గుంత ఒంటరిగా, గంభీరంగా ఉంది. గున్నమ్మ తన మొగుణ్ణి పట్టపగలు పడుకోబెట్టి గుర్రు వినిపించింది. కూర్మారావు గారు స్టోరు గుమ్మంలో నిలబడి విడిచిన నిట్టూర్పుకు అధ్యక్షుల వారు ఆగి, కళ్ళజోడు సరిచేసుకుని, "ఇది నిజమైనది," అన్నారు.

చివరగా మా ఇల్లు. నేను పాత చీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, తడి కట్టెలు పొయ్యిలో పెట్టి కూర్చున్నాను. కన్నీళ్ళకు లోటు లేదు. జోగిని వెనకవైపు పెరట్లో, నోరు మెదపవద్దని ఒట్టు వేయించి ఉంచాను.

"ఇక్కడ మీకేం కష్టమమ్మా?" అన్నారు అధ్యక్షుల వారు.

భుజాలు జార్చాను. "ఒంటరితనమండీ. మాట్లాడే దిక్కు లేదు. రోజూ అదే సముద్రం."

పరాంకుశం గారి కళ్ళలో మెరుపు కనిపించింది. ఇంకొక్క నిట్టూర్పు చాలు, పాసైపోతాను. గాలి పీల్చుకున్నాను.

అప్పుడే పెరటి గుమ్మం నుంచి ఒక సన్యాసి పీత లోపలికి వచ్చింది. మామూలుగా అవి ఖాళీ శంఖంలో కాపురం ఉంటాయి. దీనికి శంఖం దొరకలేదు గాబోలు, పోయిందని నేను వారం నుంచి వెతుకుతున్న నా గులాబీరంగు పౌడరు డబ్బా మూతను నెత్తిన పెట్టుకుని, ఊరేగింపులో పెద్దమనిషిలా నిదానంగా నడుస్తోంది. దాని వెనకే మోకాళ్ళ మీద పాకుతూ జోగి. ఒట్టు ప్రకారం నోరు మూసుకునే ఉన్నాడు. వేలితో చూపిస్తున్నాడు, అంతే.

నేను గున్నమ్మ కోడలిని తలచుకున్నాను. ఓడను తలచుకున్నాను. పెదవి కొరుక్కున్నాను. పీత అధ్యక్షుల వారి బూటు దగ్గర ఆగి, మూత కొంచెం పైకెత్తి, ఆయనను ఎగాదిగా చూసింది.

తరువాత జరిగింది నేను నవ్వడం కాదు. లోపల్నుంచి నవ్వే నన్ను తోసుకుని బయటికొచ్చింది. జోగి నేల మీద పడి దొర్లాడు. ఆగుదామని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అది ఇంకా పెద్ద పొరపాటైంది.

అధ్యక్షుల వారు పెన్ను తీసి, పైకి పలుకుతూ రాశారు: "సంతోషము. ప్రత్యక్షముగా గమనించబడినది. కృత్రిమము కాదు."

మర్నాడు పొద్దున కమ్యూనిటీ హాలులో విచారణ. బయట ఓడ ఆగి ఉంది. నా పెట్టె అప్పటికే డింగీలో ఉంది. పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. రాత్రంతా నిద్రపోయినట్టు లేరు.

"అధ్యక్షా, ఈ దీవిలో సంతోషం స్థానికంగా ఉత్పత్తి కాదు. బయటి నుంచి దిగుమతి అయింది. సదరు కారకాన్ని ఈ ఓడలోనే తొలగించిన యెడల, ప్రాంతం యథాపూర్వ కాఠిన్యాన్ని పొందగలదు." నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "క్షమించమ్మా," అన్నారు.

"నన్నూ పంపేయండి. ఉద్యోగం వదిలేస్తాను," అన్నాడు జోగి.

"తుపాను హెచ్చరిక ఎవడిస్తాడ్రా బాబూ?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జోగి కూర్చుండిపోయాడు. అతను రేడియోలో ఒక్క మాట చెప్పకపోతే ఎన్ని పడవలు వెనక్కి రావో అక్కడున్న ప్రతివారికీ తెలుసు, అతనికి అందరికంటె బాగా తెలుసు.

నేను లేచాను. డింగీ వైపు నడుద్దామనే లేచాను. అప్పుడు కూర్మారావు గారు చెయ్యెత్తారు.

"అయ్యా, నానొక ముక్క సెప్పొచ్చేటండి? కట్టం కట్టం అని నిన్నట్నుంచి రాసుకుంటన్నారు గాని, ఈ దీవిలో అసలు కట్టం ఏటో మీకు ఎవులూ సెప్పనేదు."

"చెప్పండి."

"ఆలిద్దరే నా కట్టం."

అందరూ మా వైపు తిరిగారు.

"మా మజ్జిన పలక గోడండి. పొద్దున్న లెగిస్తే నవ్వు. బెండకాయలు తరుక్కుంటా నవ్వు. బెండకాయల్లో ఏటుంటాదండి నవ్వడానికి? ఆకరి అప్పడం నువ్ తినంటే నువ్ తినని దెబ్బలాట. ఆ అప్పడం మెత్తబడిపోద్ది గాని దెబ్బలాట తెగదు. వాన గొట్టం కాడికి ఆడు ఎల్తే ఈ యమ్మి కూడా ఎల్తాది. ఆడు నీల్లు కొలుత్తాడు, ఈ యమ్మి గొడుగెడతాది. వాన కొలవడానికి ఎల్లినోడికి గొడుగేటండీ!" ఆయన చేత్తో మొహం తుడుచుకున్నారు. "దోమలు కుడితే తోలుకుంటాను. తుపానొస్తే తలుపేసుకుంటాను. ఈల నవ్వినబడితే నానేటి సెయ్యాలి? మా దాలమ్మ ఎక్కడో పలాసలో. మంచం మీద కూకుని గోడకేసి సూత్తాను. ఇంతకన్నా కట్టముంటే మీ సంగమే సెప్పాల."

అప్పుడు విడిచిన నిట్టూర్పు శిక్షణలో ఎప్పుడూ విడవనిది.

గున్నమ్మ లేచింది. "మా ఇంట్లోనీ అదే గోల బాబూ! మా మొగుడు ఏటంతన్నాడో తెల్సా? ఆ వాన మాస్టారి పెళ్ళాం లాగ ఓ పాలి నవ్వే అంతన్నాడు. సేపలు కోసుకుంటా నవ్వమంతన్నాడు! ఇన్నేళ్ళూ నాకీ కట్టం లేదు."

ఆ తరువాత వరస ఆగలేదు. పోస్టాఫీసు ఆయన, కాంపౌండరు, డింగీ నడిపేవాళ్ళు, ఒక్కొక్కరే లేచి మా వల్ల తాము పడుతున్న బాధ చెప్పుకున్నారు. మేమిద్దరం తల దించుకుని విన్నాం. పరాంకుశం గారు మొదట బిత్తరపోయి, తరువాత నెమ్మదిగా నిటారుగా కూర్చున్నారు.

అధ్యక్షుల వారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను కూడా నిన్నటి నుంచి..." అని ఆగారు. "మా ఆవిడకు నిన్న ఫోన్ చేశాను. క్షేమంగా చేరానన్నాను. 'ఆఁ' అని పెట్టేసింది." తరువాత కలం తీశారు.

ఆ ఉత్తర్వు ఇప్పటికీ హాలు గోడ మీద అద్దం కట్టి ఉంది. "తుపాను కాలానుగుణమైనది. దోమ సాయంకాలమునకు పరిమితమైనది. సదరు దంపతుల సంతోషము మాత్రము అన్ని ఋతువులయందును, గోడల గుండా ప్రసరించుచు, ఒంటరి ఉద్యోగులకు దుర్భరమైన వ్యథ కలిగించుచున్నది. కావున ఈ దీవిని అత్యంత కఠినము అను నూతన వర్గమున చేర్చడమైనది. ఓడ ఇకపై వారమునకొకసారి నడుచును. సదరు దంపతులను విడదీయుట గాని, బదిలీ చేయుట గాని కూడదు. వారి సంతోషము ప్రస్తుత స్థాయికి తగ్గకుండునట్లు ప్రత్యేకాధికారి పర్యవేక్షించవలెను."

నా పెట్టె వెనక్కి వచ్చింది. గున్నమ్మకు మనవరాలు పుట్టింది, డాక్టరు చేతుల్లోనే.

ఇక ప్రతి శనివారం సాయంత్రం పరాంకుశం గారు గొడుగుతో మా గుమ్మంలోకి వచ్చేవారు.

"సంతోషంలో తగ్గుదల ఏమైనా?"

"లేదండీ."

"ఒకసారి చూపించండి."

నవ్వేవాళ్ళం. రాసుకుని వెళ్ళేవారు.

నిజానికి తగ్గుదల ఉంది. కూర్మారావు గారి మాటలు విన్నప్పటి నుంచి, నవ్వు రాగానే మా ఇద్దరి కళ్ళూ ఆ ప్లైవుడ్ గోడ మీదికి పోయేవి. దిండులో మొహం పెట్టుకుని నవ్వడం నేర్చుకున్నాం. బెండకాయలు మాట్లాడకుండా తరిగేవాళ్ళం. అప్పడం చెరిసగం.

ఇలా ఉండగా ఒక పొద్దున "ఇవాళ వాన పడుతుందా?" అని జోగిని అడిగాను. "పడదు" అన్నాడు, శాఖాపరమైన ధీమాతో. వడియాలు పెట్టాను. పడింది. ఆ వడియాలు గంజిలా కారిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. "గాలి దిశ మారింది," అన్నాడు. "నా వడియాలకు దిశ లేదు," అన్నాను. మాటలు ఆగిపోయాయి.

కబురు దీవి అంతా పాకింది. ముందు గున్నమ్మ వచ్చింది. "ఓలి పాపా, వడియాలకేటే! ఓడ ఆగిపోద్ది, నవ్వే." తరువాత కూర్మారావు గారు. "సెల్లెమ్మా, నా కట్టం కోసమైనా నవ్వమ్మా." చివరకు పరాంకుశం గారు చెప్పులు చేత్తో పట్టుకుని పరుగున వచ్చారు.

"అమ్మా, ఇది ఉత్తర్వుల ఉల్లంఘన. సంతోషం పునరుద్ధరించడానికి మీకేం కావాలో చెప్పండి. మంజూరు చేస్తాను."

వడియాల సంగతి చెబుదామనుకున్నాను. నోట్లోంచి వేరేది వచ్చింది.

"దాలమ్మ గారు కావాలి."

పరాంకుశం గారు ఉలిక్కిపడ్డారు. "కూర్మారావు మన ప్రధాన సాక్షి! ఆయనకు సంతోషం కలిగితే సాక్ష్యం పోతుంది. సాక్ష్యం పోతే ఓడ పోతుంది."

"ఆయన నిట్టూర్పులు వింటూ మేం నవ్వలేం. మేం నవ్వకపోతే ఆయనకు కష్టం ఉండదు. అప్పుడైనా ఓడ పోతుంది. అయినా దాలమ్మ గారు వస్తే ఆయనకు సంతోషం కలుగుతుందని ఎవరన్నారండీ? ఫోన్ చేసి చూడండి."

ఆఫీసు ఫోన్ లో పలాస దొరికింది. పరాంకుశం గారు గొంతు సవరించుకుని, "నేను పీతలదీవి ప్రత్యేకాధికారిని..." అని మొదలుపెట్టారు.

"నువ్వేనా!" అంది దాలమ్మ గారి గొంతు, గది అంతా వినబడేలా. "నా మొగుణ్ణి స్టోరు తాళంకప్పలాగ అక్కడ యేలాడదీసినావు, నీకు పెళ్ళాం లేదేటి? ఆ మడిసి అన్నం తిన్నాడో లేదో అడగవు. ఆడు సెప్పడు, ఆడికి నోరునేదు. పున్నెం పురుసార్దం నేని నాయాళ్ళారా!"

పరాంకుశం గారు లేచి నిలబడి పూర్తిగా విన్నారు. చాలాసేపటికి ఫోన్ పెట్టి, నుదురు తుడుచుకుని, గౌరవంగా అన్నారు: "సమర్థురాలు. అనుమతించడమైనది."

తరువాతి ఓడలో ఆవిడ దిగారు. డింగీ ఇంకా దూరంగా ఉండగానే, "ఏటిలాగ సిక్కిపోనావు, సిగ్గునేదా!" అని కేకలు మొదలయ్యాయి. కూర్మారావు గారు జెట్టీ మీద తల దించుకుని నిలబడ్డారు. పరాంకుశం గారు తృప్తిగా తల పంకించారు. పక్కనే ఉన్న నాకు మాత్రం, దించిన ఆ తల కింద ఏం జరుగుతోందో కనిపించింది. గడ్డం వణుకుతోంది, పెదవులు రెండూ చెవుల దాకా ఉన్నాయి.

శనివారం సాయంత్రం మేం అన్నానికి కూర్చోబోతున్నాం. గోడకు అవతల దాలమ్మ గారు ఏదో చెబుతున్నారు, పలాసలో ఇంటావిడ మేక సంగతి. ఉన్నట్టుండి అటు నుంచి ఒక నవ్వు లేచింది. అటువంటి నవ్వు ఆ ఇంట్లోంచి మేమెప్పుడూ వినలేదు. లోతుగా, బొంగురుగా, ఏళ్ళ తరబడి మూసి ఉంచిన స్టోరు తలుపు తెరిచినట్టుగా. గోడ కదిలింది.

అదే సమయానికి వాకిట్లో గొడుగు కనిపించింది.

జోగి నా వైపు చూశాడు. నేను జోగి వైపు చూశాను. ఇద్దరం ఒక్కసారిగా, గొంతెత్తి, కారణం లేకుండా నవ్వడం మొదలుపెట్టాం. కారణం లేదన్న సంగతికే ఇంకా నవ్వొచ్చింది. గోడకు అటూ ఇటూ నవ్వు కలిసిపోయి, ఏది ఎవరిదో మాకే తెలియలేదు.

పరాంకుశం గారు రెండు గుమ్మాల మధ్య ఆగి, చెవి ఒగ్గి విన్నారు.

"ఈ వారం మోతాదు హెచ్చుగా ఉంది," అన్నారు.

"అవునండీ," అన్నాను, ఊపిరి అందక.

"పాపం కూర్మారావు," అని ఆయన పక్క గుమ్మం వైపు తిరిగారు. అటు నవ్వు ఠక్కున ఆగింది. ఒక క్షణం తరువాత, ఎంతో సాధన చేసిన, దీపం ఊగేటంత నిట్టూర్పు వినిపించింది. దాని వెనకే, "ఏటా ఊసురోమని!" అన్న దాలమ్మ గారి కసురు.

పరాంకుశం గారు రాసుకుని, నెమ్మదిగా వెళ్ళిపోయారు.

కాబట్టి ఈ దీవికి వచ్చేవారు రబ్బరు చెప్పులు, పోపు సామాను, క్లిప్పులు తెచ్చుకోండి. మీకు ఏ క్వార్టరు ఇచ్చినా పక్కింటితో గోడ ప్లైవుడ్ దే. ఏ శనివారమైనా సాయంత్రం ఆ గోడ అవతల ఎవరైనా నవ్వినట్టు వినబడితే, చేతిలో పని అక్కడ పెట్టి, మీరు కూడా వెంటనే, వీలైనంత గట్టిగా నవ్వండి. ఎందుకని అడగకండి. ఓడ రావాలి.